అడక్కుండా తొక్కిన బ్రేకు

పోయిన వారం మన ఎక్స్‌రే అమ్మాయిని డ్రైవింగ్ స్కూలు కారులో, స్టీరింగు ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. సీటు ముందుకి జరుపుకుంది, బెల్టు పెట్టుకుంది, వెనకవైపు చూసే అద్దం సరిచేసుకుంది. ఆ అద్దంలో, వెనక సీట్లో, నెల్లాళ్ళుగా మొహం చాటేసిన లిఫ్టు మెకానిక్కు కూర్చుని ఉన్నాడు. వారం రోజులుగా మీరూ ఆ అద్దంలోకే చూస్తూ ఉండిపోయారని నాకు తెలుసు. అమ్మాయికి మాత్రం ఇంకా రెప్పపాటు కాలం కూడా గడవలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆమె పనిచేసేది ఆస్పత్రి కింది అంతస్తులో, కిటికీలు లేని ఎక్స్‌రే గదిలో. "ఇలా నిలబడండి, ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అని పొద్దస్తమానం కొత్తవాళ్ళకి చెబుతూనే ఉంటుంది. ఆ మాటలకి తడబాటు లేదు. అవి దాటి సొంతంగా ఒక్క మాట ఆడాలంటే మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. అరచేతులు చెమరుస్తాయి. చెప్పదలచుకున్నది లోపల పదిసార్లు దిద్దుకునేలోపు ఎదుటివాళ్ళు ఇంకో విషయంలోకి వెళ్ళిపోతారు. అందుకని క్యాంటీనుకి వెళ్ళదు, ఎవరి పుట్టినరోజు కేకు దగ్గరా నిలబడదు. నర్సులు ఆమెకి మూగనోము అని పేరు పెట్టారు. రోగులతో గడగడా మాట్లాడే మనిషికి మనతో నోరు పెగలదంటే పొగరు కాక ఏమిటని సగంమంది తేల్చారు. పాపం, ఆవిడకి మనుషులంటే గిట్టదు, కదిలించకండి అని మిగతా సగం తీర్పిచ్చారు. ఆమెకి మనుషులంటే ఎంత ఇష్టమో, సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళ మాటల్ని ఒక్కొక్కటే ఎలా గుర్తుచేసుకుంటుందో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

పక్కన కూర్చుని పలకరించినవాడు మెకానిక్కు ఒక్కడే. ఆస్పత్రి లిఫ్టు బాగుచేయడానికి వచ్చి, ఆమె గదికి ఎదురుగా ఉన్న మెట్లమీద భోజనం డబ్బా విప్పుకునేవాడు. వట్టి వాగుడుకాయ. వారాల తరబడి అతనొక్కడే మాట్లాడాడు. తర్వాత ఆమె కూడా డబ్బా తెచ్చుకుని రెండు మెట్లు పైన కూర్చుంది. కొన్నాళ్ళకి ఒక మెట్టు దిగింది. చివరికి అదే మెట్టుమీదికి చేరింది. అక్కడ ఆమె మాట్లాడింది కూడా, మెల్లగా, ఆగి ఆగి. అంతలోనే అతను రావడం మానేశాడు. లిఫ్టు పాడైతే వేరే మనిషి వస్తున్నాడు. నా నత్తనడక మాటలకి విసుగెత్తి ఉంటాడని ఆమె తనకి తానే సర్దిచెప్పుకుని, ఆ మెట్లవైపు చూడ్డం మానేసింది.

ఇక పక్క సీట్లో ఉన్నావిడ. డ్రైవింగ్ స్కూల్లో అందరికీ గురువమ్మ, మన అమ్మాయికి చిన్నప్పటి స్నేహితురాలు. బళ్ళో పంతులమ్మ అమ్మాయిని ప్రశ్న అడిగితే పక్కనుంచి లేచి జవాబు చెప్పిన పిల్ల ఈవిడే. దేవుడు మా పిల్లకి ఇవ్వాల్సిన నోరు కూడా పక్కింటి పిల్లకే ఇచ్చేశాడని అమ్మాయి తల్లి ఇప్పటికీ అంటుంది. గురువమ్మ పాఠం చెప్పే బండికి బ్రేకులు రెండు. నేర్చుకునేవాళ్ళ కాలికింద ఒకటి, ఆవిడ కాలికింద ఒకటి. ఏళ్ళతరబడి అదే ఉద్యోగం కావడంతో ఆవిడ బస్సులో కూర్చున్నా కుడికాలు నేలని నొక్కుతూనే ఉంటుంది. ఇవాళ రెండో ట్రైనరుకి జ్వరం వచ్చి, అతని దగ్గర నేర్చుకునేవాళ్ళని కూడా ఈ బండిలోనే ఎక్కించారు. మెకానిక్కు అలా వచ్చాడు. సోమవారం నుంచి అతనికి వేరే ఊళ్ళో పని, అక్కడ కంపెనీ వ్యాను తనే నడుపుకోవాలి.

"గేరెయ్యి. అద్దంలో చూసింది చాలు" అంది గురువమ్మ.

అమ్మాయి క్లచ్చు తొక్కి గేరేసింది. కారు సందు దాటి పెద్దరోడ్డు ఎక్కింది. ఆమె కళ్ళు రోడ్డుమీద ఉన్నాయి గానీ చెవులు రెండూ వెనక సీట్లోనే ఉన్నాయి. అక్కడినుంచి ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది.

"బాగున్నారా?" అన్నాడు మెకానిక్కు.

బాగున్నాను అనాలా, బాగాలేను అనాలా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అనాలా? అమ్మాయి మూడు జవాబులూ లోపల పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటోంది.

"బాగుందండీ, దానికేం, గుండ్రాయిలా ఉంది. ఎడమవైపు సైకిలు చూసుకోవే" అంది గురువమ్మ ఒక్క గుక్కలో.

"ఆస్పత్రిలో లిఫ్టు సరిగ్గా నడుస్తోందా?"

"నడుస్తోందటండీ. మొన్నొకసారి మధ్యలో ఆగిపోతే మీవాళ్ళెవరో వచ్చి చూసి వెళ్ళారట."

ఆ కబురు గురువమ్మకి చెప్పింది అమ్మాయే. తను చెప్పిన మాట తన కళ్ళముందే ఇంకొకరి నోట్లోంచి అతనికి చేరిపోతుంటే ఆమె మనసు చివుక్కుమంది. చిన్నప్పటినుంచీ ఇలాగే జరుగుతోంది. హోటల్లో ఏం కావాలో చెప్పేది గురువమ్మ, దర్జీతో చేతుల పొడవు గురించి పోట్లాడేది గురువమ్మ, ఇంటి యజమానితో కొళాయి సంగతి మాట్లాడేది గురువమ్మ. అవన్నీ హాయిగానే ఉండేవి. ఇవాళ మాత్రం ఆ హాయి లేదు, ఎందుకంటే వెనక కూర్చున్న మనిషికి తన గొంతు తెలుసు.

ఇంకో సంగతి కూడా ఆమెకి తోచింది. గురువమ్మ నోటికి ఎప్పుడూ అడ్డూ ఆపూ ఉండదు, అది పాత కథే. కానీ ఇవాళ ఆ వాగుడు తీరు వేరుగా ఉంది. మలుపు దగ్గర టైర్ల కొట్టు గురించి, లైసెన్సు పరీక్షలో ఫెయిలైన పోలీసాయన గురించి, వానకి గుంటలు పడ్డ రోడ్డు గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది. మధ్యలో ఒక్క క్షణం ఖాళీ ఇస్తే కొంప మునుగుతుందని భయపడుతున్నట్టుంది. భయం ఎలా ఉంటుందో అమ్మాయికి ఒకరు చెప్పాలా?

వంతెన ఎక్కే వాలుమీద బళ్ళన్నీ ఆగిపోయి ఉన్నాయి. పైన ఎర్రదీపం పడింది. వెనక ఒక పాలవ్యాను వచ్చి దాదాపు ఆనుకుని నిలబడింది. వాలుమీద బండిని వెనక్కి జారకుండా పట్టి ఉంచి, మళ్ళీ ముందుకి లేపడం కొత్తవాళ్ళందరికీ గండమే. అమ్మాయి ఇంతవరకు ఒక్కసారి కూడా సొంతంగా లేపలేదు. ప్రతిసారీ చివరి క్షణంలో గురువమ్మ కాలు పడేది.

ఇంజను గుర్రుమంటోంది. గురువమ్మకి కబుర్లు అయిపోయాయి. ఆ సందు చూసుకుని మెకానిక్కు ముందుకి వంగాడు.

"ఒక్కమాటండీ. సోమవారం నుంచి వేరే ఊళ్ళో పని, ఈ ఊరు వదిలి వెళ్ళిపోతున్నాను. చెప్పాపెట్టకుండా రావడం మానేశాను, అది తప్పే. గురువమ్మగారు అంతా చెప్పాక మిమ్మల్నింక ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను. అంతకుమించి వేరే ఉద్దేశం ఏం లేదు."

"దీపం మారేలా ఉంది, చూసుకో" అంది గురువమ్మ కిటికీవైపు తిరిగి.

అమ్మాయి దీపంకేసి చూడలేదు. "ఏం చెప్పింది?" అంది.

ఆ రెండు మాటలూ లోపల దిద్దుకోకుండానే బయటికి వచ్చేశాయి. వాటిని విని అందరికన్నా ముందు ఆమే ఉలిక్కిపడింది.

"మీకు తెలియదా?" మెకానిక్కు గురువమ్మ తలవైపు ఒకసారి, అద్దంలోకి ఒకసారి చూశాడు. "మీరే చెప్పమన్నారనుకున్నానే."

"ఏం చెప్పింది?"

"డ్రైవింగ్ స్కూల్లో చేరడానికి వచ్చినరోజు, మీరు చెప్పిన స్నేహితురాలు ఈవిడేనని తెలిసి నేనే అడిగానండీ. మీ స్నేహితురాలంటే నాకు ఇష్టం, పెళ్ళి మాటెత్తితే ఏమంటారో అని. ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పారు. మీకు సోషల్ యాంగ్జయిటీ, అంటే నలుగురితో మాట్లాడాలంటే భయపడే జబ్బు ఉందట. అలాంటివాళ్ళు ఎవరినీ కాదనలేరట. నేనడిగితే భయంతో ఔనంటారు, ఆ తర్వాత జీవితాంతం లోపల్లోపలే కుమిలిపోతారు అన్నారు. మెట్లమీద నా పక్కన కూర్చున్నది కూడా, లేచి వెళ్ళడానికి మొహమాటపడి కూర్చున్నారు తప్ప వేరే ఏం కాదన్నారు. నిజంగా దాని మంచి కోరేవారైతే అడక్కుండా తప్పుకోండి అన్నారు."

పైన ఆకుపచ్చ దీపం వెలిగింది. ముందున్న బళ్ళు కదిలాయి. అమ్మాయి కాలు క్లచ్చుమీంచి జారింది, కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక్కి జారబోతుంటే గురువమ్మ కాలు అలవాటుగా రెండో బ్రేకుమీద పడింది. పాలవ్యాను హారను అందుకుంది.

"ముందు బండి తియ్యవే తల్లీ. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

అమ్మాయి హ్యాండ్‌బ్రేకు లాగింది. తాళంచెవి మీద చెయ్యి వెయ్యలేదు.

"ఇక్కడే మాట్లాడుకుందాం" అంది.

ఆమె ధైర్యవంతురాలైపోయిందని మీరనుకుంటే పొరపాటు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వెనక ఎంతమంది తననే తిట్టుకుంటున్నారో ఊహించడం ఆమె బుర్రకి రోజువారీ పని, ఆ పని ఇప్పుడూ మానలేదు. ఉన్న భయం ఉన్నట్టే ఉంది, దానికి తోడు పట్టరాని కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ తన మాటలకి విసిగి అతను పోయాడని తనని తాను తిట్టుకుంది. అద్దంముందు నిలబడి తన మొహాన్ని తానే చీదరించుకుంది. అదంతా ఊరికే పడ్డ బాధ అని ఇప్పుడు తెలుస్తోంది.

"నేను అబద్ధం చెప్పానా?" గురువమ్మ గొంతు పెంచింది. తప్పు బయటపడ్డప్పుడు గొంతు పెంచడం ఆవిడ పద్ధతి. "నీకోసం ఎన్ని వీడియోలు చూశానో తెలుసా? ఆ డాక్టరమ్మ చెప్పే లక్షణాలన్నీ నీవే. కాదనలేకపోవడం అన్నిటికన్నా ముందు చెప్పింది. ఆ బ్యాంకాయన సంగతి మర్చిపోయావా? పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు అడిగితే అందరిముందూ తలూపేశావు. తర్వాత నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చావు. నేను ఫోన్ చేసి దానికి ఇష్టం లేదండీ అని చెప్పకపోతే ఈపాటికి..."

కిటికీ అద్దంమీద ఎవరో టకటకా కొట్టారు. పాలవ్యాను డ్రైవరు దిగి వచ్చాడు.

"ఏంటమ్మా, సంసారం రోడ్డుమీదే పెట్టేశారా?"

గురువమ్మ అమ్మాయి మీదుగా కిటికీవైపు వంగింది. "అబ్బే, ఏం లేదండీ, కొత్తగా నేర్చుకుంటోంది, కాస్త..."

అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. అద్దం దించింది. డ్రైవరు మొహం కోపంతో కందిపోయి ఉంది. ముక్కూమొహం తెలియని మనిషి, అందులోనూ కోపంగా ఉన్న మనిషి, తన కళ్ళలోకే చూస్తున్నాడు. మామూలు రోజైతే ఆమె చచ్చిపోయినంత పనయ్యేది.

"మేం మాట్లాడుకోవాలండీ. కాసేపు పడుతుంది. మీరు పక్కనుంచి వెళ్ళిపోండి" అంది. గొంతు వణికింది, మాటలు మాత్రం అన్నీ వచ్చాయి.

డ్రైవరు కారు ముందున్న ఎర్రటి ఎల్ బోర్డుని చూశాడు, ముగ్గురి మొహాలూ చూశాడు, తల కొట్టుకున్నాడు. వ్యాను వెనక్కి తీసి పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలోకి ఒక బస్సు వచ్చి నిలబడింది. అద్దంనిండా దాని ముందుభాగమే కనబడుతోంది. పైన మళ్ళీ ఎర్రదీపం పడింది.

అమ్మాయి స్నేహితురాలివైపు తిరిగింది.

"బ్యాంకాయన సంగతి నేనేం మర్చిపోలేదు. అందులో నీకు తెలియంది ఒకటుంది. ఆయనకి వద్దని చెప్పడానికి నేను వారం రోజులు తయారయ్యాను. పేషెంట్లు లేనప్పుడు ఎక్స్‌రే గది తలుపేసుకుని గోడకి చెప్పుకునేదాన్ని. మీరు మంచివారే, నాకు ఇష్టం లేదు, తలూపడం నా తప్పు, క్షమించండి అని. టీకొట్టు దగ్గరికి రమ్మని ఆయనకి మెసేజీ పెట్టింది నేనే. నేను వెళ్ళేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. మీ స్నేహితురాలు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేసిందండీ, మీరు రానక్కర్లేదు కదా అన్నాడు. నా మొహంకేసి కూడా సరిగ్గా చూడలేదు. చెప్పాలనుకున్న నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి."

గురువమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఆ సాయంత్రం నువ్వు ఇంటికొచ్చావు. నిన్ను ఒడ్డున పడేశానే అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేశావు. అంత సంతోషంగా ఉన్నదానికి ఏమని చెప్పను? లోకంలో నేను కాదనలేకపోయింది ఎవరినైనా ఉంటే అది నిన్నే."

ఎదుటివాళ్ళు మాట్లాడకపోతే ఆ ఖాళీని పూడ్చడం గురువమ్మకి పుట్టుకతో వచ్చిన విద్య. అలాంటి మనిషికి ఇప్పుడు ఒక్క మాట దొరకలేదు. అమ్మాయి ఆ ఖాళీని పూడ్చలేదు. జవాబు వచ్చేదాకా ఆగింది. వెనక బస్సు ఇంజను మోత, సీట్ల కింద సన్నటి అదురు, అంతే.

"నువ్వు ఆ ఊరెళ్ళిపోతే నేనేమైపోవాలే?" అంది గురువమ్మ చివరికి. ఆ గొంతు అమ్మాయి ఎప్పుడూ వినలేదు. "పొద్దున్నుంచి సాయంత్రందాకా అందరితో మాట్లాడతాను. క్లచ్చు, గేరు, బ్రేకు. ఇంటికెళ్ళాక నాకూ ఎవరూ లేరు. ఫోన్ చేస్తే విసుక్కోకుండా వినేది నువ్వొక్కదానివే. నీకు నేను దిక్కని అందరూ అంటుంటే అదే నిజమనుకుని బతికేశాను. ఈయన వచ్చి పెళ్ళనగానే భయమేసింది. అలా అని పైకి చెప్పుకోలేక, నీ జబ్బని చెప్పాను. చెప్పేటప్పుడు అదంతా నిజమనే అనుకున్నానే, ఒట్టు."

అమ్మాయికి జాలేసింది. చిన్నప్పుడు తనకోసం లేచి నిలబడిన ఆ పిల్లంటే ప్రాణం ఆమెకి. అయినా కోపం పిసరంత తగ్గలేదు.

"ఆ భయం నాతో చెప్పుకోవాల్సింది. వెళ్ళొద్దని అడగాల్సింది. నేను విని, ఔనో కాదో నేనే చెప్పేదాన్ని. నన్ను వదిలేసి ఆయనతో తేల్చేస్తావా?"

గురువమ్మ చున్నీతో మొహం తుడుచుకుంది.

అమ్మాయి బెల్టు సడలించుకుని వెనక్కి తిరిగింది. అద్దంలో కాకుండా నేరుగా అతన్ని చూడడం ఇవాళ ఇదే మొదలు. మనిషి చిక్కిపోయాడు. చేతుల్లో టోపీని నలిపి నలిపి చుట్ట చేశాడు.

"మీరెందుకు నమ్మారు?"

"చిన్నప్పటినుంచీ చూసినావిడ కదా, నాకన్నా ఆవిడకే తెలుస్తుందనుకున్నాను" అన్నాడు మెకానిక్కు. "మిమ్మల్ని అడిగితే బలవంతపెట్టినట్టవుతుందేమోనని భయపడ్డాను. అదొక్కటే కాదండీ, ఇంకో సంగతి కూడా మీకు..."

"ఆగండి, నా మాట అవనివ్వండి" అంది అమ్మాయి. జన్మలో ఎవరి మాటకీ అడ్డుపడని మనిషి ఆమె. "నాకు భయం ఉంది. అది నిజమే. చూడండి, చేతులు ఎలా ఉన్నాయో. మెట్లమీద మీ పక్కకి రావడానికి రెండే రెండు మెట్లు దిగాలి. దానికి నాకెంత కాలం పట్టిందో మీరు చూశారు. మొహమాటమే అయితే మీరు పిలిచిన మొదటిరోజే వచ్చి కూర్చునేదాన్ని, అదే సులువు. ఇష్టం ఉంది కాబట్టే అన్నాళ్ళు పట్టింది. ఇప్పుడు నేను ఔనంటే భయంతో అందంటారు. కాదంటే మనుషులంటే గిట్టదంటారు. మరి నేను ఏమంటే అది నా మాట అవుతుందండీ?"

మెకానిక్కు తల దించుకున్నాడు.

పైన ఆకుపచ్చ దీపం వెలిగింది. బస్సు హారను కారు అద్దాలని అదరగొట్టింది. అమ్మాయి ముందుకి తిరిగి బెల్టు బిగించుకుని తాళం తిప్పింది.

"కాళ్ళు పైకి పెట్టుకో" అంది గురువమ్మతో.

"ఏమిటీ?"

"ఆ బ్రేకుమీంచి కాలు తీసి సీటుమీద పెట్టుకో."

"వెనక బస్సుందే. ఒక్క జానెడు జారినా గుద్దేస్తాం. నా లైసెన్సు పోతుంది, స్కూలు మూసేసుకోవాలి."

"జారితే నాదే తప్పు. తియ్యి."

గురువమ్మ వెనక్కి చూసింది, బస్సుని చూసింది, స్నేహితురాలి మొహం చూసింది. చెప్పులు విడిచి రెండు కాళ్ళూ పైకి లాక్కుని సీటుమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎక్కడ కాళ్ళు వాటంతటవే దిగిపోతాయోనని మోకాళ్ళు రెండూ చేతులతో గట్టిగా పట్టుకుంది.

అమ్మాయి ఫస్టు గేరు వేసింది. క్లచ్చు మెల్లగా వదులుతూ ఇంకో కాలితో యాక్సిలరేటరు నొక్కింది. ఎక్కడ బండి బరువు అందుకుంటుందో ఆ చోటు దొరకాలి, అప్పుడు హ్యాండ్‌బ్రేకు వదలాలి. ముందు వదిలితే వెనక్కి, ఆలస్యమైతే ఆగిపోవడం. బస్సు ఇంకోసారి అరిచింది. ఆమె హ్యాండ్‌బ్రేకు వదిలింది. ఒక త్రుటి ముందే వదిలింది. కారు వెనక్కి జారింది. గురువమ్మ గొంతులోంచి సన్నటి కేక వచ్చింది, కాళ్ళు మాత్రం కదల్లేదు. అద్దంలో బస్సు ఇంకాస్త పెద్దదైంది. అమ్మాయి పళ్ళు బిగించి యాక్సిలరేటరు ఇంకాస్త నొక్కింది. ఇంజను గింజుకుంది. కారు నిలబడింది, ఒకసారి వణికి, వాలు ఎక్కడం మొదలెట్టింది.

వంతెన దిగాక రోడ్డువారగా, మూసి ఉన్న ఒక గోడౌను ముందు అమ్మాయి కారు ఆపింది. హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను కట్టేసింది. గురువమ్మ ఇంకా మోకాళ్ళు పట్టుకునే ఉంది. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"కాళ్ళు దించుకో" అంది అమ్మాయి. ఈసారి గొంతు కాస్త మెత్తబడింది.

తర్వాత మళ్ళీ వెనక్కి తిరిగింది. చెప్పదలచుకున్నది ఒక్కసారే లోపల అనుకుని చూసుకుంది. దిద్దడానికి ఏమీ కనబడలేదు.

"మీరు నన్ను అడగాలనుకున్నారు, అడక్కుండా వెళ్ళిపోయారు. సోమవారం ఊరే వెళ్ళిపోతున్నారు. ఇక మీరు అడిగేదాకా నేను ఆగలేను. మీతో కలిసి బతకాలని నాకుంది. భయపడి చెప్పడం లేదు, మీరు బాధపడతారని చెప్పడం లేదు. నాకుంది కాబట్టి చెబుతున్నాను. మనం పెళ్ళి చేసుకుందామా?"

గురువమ్మ పెదవులు అలవాటుగా విడివడ్డాయి. ఆవిడ అరచెయ్యి తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది.

మెకానిక్కు మొహంలో ఒక్క క్షణం సంతోషం కనబడింది. మెట్లమీద ఆమె మొదటిసారి జోకు వేసిన రోజున కనబడిన సంతోషం లాంటిదే. ఆ వెంటనే అది తుడిచిపెట్టుకుపోయింది. టోపీ అతని చేతుల్లోంచి కిందికి జారింది. తీసుకోవడానికి వంగలేదు.

అమ్మాయి తొందరపెట్టలేదు. ఎంతసేపైనా ఆగగలదు.

"నాకూ అదే కావాలండీ" అన్నాడు చివరికి. "ఇందాకట్నుంచీ చెబుదామనుకుంటున్నది ఇదే. మీరంటే నాకు... మీకు నేనక్కర్లేదని ఆవిడ చెప్పాక ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాను. అది చూడలేక మా అన్నయ్యా వదినా నిన్న సాయంత్రం నన్ను ఒకరింటికి తీసుకెళ్ళారు. వెళ్ళేదాకా ఎందుకో కూడా నాకు చెప్పలేదు. అక్కడ పెద్దవాళ్ళంతా కూర్చున్నారు. ఆ అమ్మాయి కూడా వచ్చి ఎదురుగా కూర్చుంది, పాపం, చాలా ఆశగా చూసింది. నీకు ఇష్టమేనా బాబూ అని అందరిముందూ అడిగారు."

అతను కళ్ళెత్తి ఆమెని చూశాడు.

"నేను కాదనలేకపోయానండీ."